గునుగు పువ్వు: కలుపు అనే మాట వెనక ఉన్న చరిత్ర

ఇది కాస్త పెద్ద రాత, ఓపిగ్గా చదవండి.

మా హాస్టల్లో లంబాడా, ఎరుకల, యానాది పిల్లలం కలిసి ఉంటున్నాం. కొందరం బాటనీ, కొందరం హిస్టరీ. చాలామంది ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్ళం మేమే. బాటనీ వాళ్ళు హెర్బేరియం కోసం మొక్కలు ఎండబెట్టాలి, హిస్టరీ వాళ్ళు మన ప్రాంతం మీద ఏదో ఒకటి రాయాలి. రెండింటికీ ఒకే మొక్క పనికొస్తుందని తేలింది. అదే గునుగు. ఈ రాతలో మొక్కను ఎలా గుర్తుపట్టాలో చెప్తాం. అది కొండపల్లి చుట్టుపక్కల ఎక్కడ ఉంటుందో, ఎందుకు అక్కడే ఉంటుందో చెప్తాం. ఆ "ఎందుకు" దగ్గర మన తాతల చరిత్ర కూడా వస్తుంది.

ముందు మొక్క సంగతి

దసరా నుంచి సంక్రాంతి దాకా కొండపల్లి నుంచి మైలవరం వైపు వెళ్తుంటే చేల గట్ల మీద, బీళ్ళలో తెల్లగా, కొసన గులాబీ రంగుతో కొవ్వొత్తుల్లా నిలబడి కనిపించేవే గునుగు పూలు. కొన్ని ఊళ్ళలో గురుగు అంటారు. శాస్త్రం పేరు సెలోషియా అర్జెంషియా. తోటకూర కుటుంబం, అంటే అమరాంథేసీ.

గుర్తులు ఇవి. మొక్క నిటారుగా, మోకాలెత్తు నుంచి నడుమెత్తు దాకా పెరుగుతుంది, సారవంతమైన నేలలో ఇంకా పైకి పోతుంది. కాండం నున్నగా ఉంటుంది, దాని మీద నిలువు గీతలు చేతికి తగులుతాయి. నూగు ఉండదు, ముళ్ళు ఉండవు. ఆకులు ఒక కణుపుకు ఒకటి చొప్పున అటూ ఇటూ వస్తాయి. సన్నగా, పొడుగ్గా, బల్లెం మొనలా ఉంటాయి. కొమ్మ చివర కంకి వస్తుంది. లేతగా ఉన్నప్పుడు రెండు మూడు సెంటీమీటర్లే, ముదిరేకొద్దీ జానెడు దాకా సాగుతుంది.

కంకి కింద నుంచి పైకి పూస్తుంది. అందుకే కింది భాగం వెండిలా తెల్లబడిపోయినా కొస ఇంకా గులాబీ రంగులోనే ఉంటుంది. "అర్జెంషియా" అంటే లాటిన్‌లో వెండి రంగుది అని. ఒక్కో పువ్వును గోరుతో విడదీస్తే కాగితంలా గరగరలాడే 5 రేకులు, లోపల అడుగున గిన్నెలా కలిసిపోయిన 5 కేసరాలు కనిపిస్తాయి. కాయ ముదిరాక చుట్టూ పగిలి, డబ్బా మూత ఊడినట్టు పై భాగం ఊడుతుంది. లోపల కొద్దిపాటి నల్లటి, మెరిసే గింజలు. తోటకూర గింజలు చూసినవాళ్ళు వెంటనే చుట్టరికం పట్టేస్తారు.

రేకులు ముందే ఎండు కాగితంలా ఉంటాయి కాబట్టి కోసిన తర్వాత కూడా పువ్వు ఆకారం చెడదు. హెర్బేరియం చేసేవాళ్ళకి ఇంతకంటే సుఖమైన మొక్క ఉండదు. కానీ కొస గులాబీ రంగు ఎండితే వెలిసిపోతుంది, కోసిన రోజే రంగు రాసిపెట్టుకోండి. వేరుతో సహా తీయండి, ఒక కంకి ముదిరినది, ఒకటి లేతది పెట్టండి.

దేన్ని చూసి మోసపోవద్దు

ఉత్తరేణి కూడా ఈ కుటుంబమే. దాని కంకి కొరడాలా సన్నగా సాగుతుంది, పూలు కిందికి తిరిగి కాండానికి అంటుకుంటాయి, దాటితే బట్టలకు పట్టుకుంటాయి. ఆకులు ఎదురెదురుగా జతగా ఉంటాయి. గునుగు బట్టలకు అంటుకోదు.

పిండికూర, అంటే కొండపిండి, పొట్టిగా నూగుతో ఉంటుంది. దాని తెల్లపూలు ఆకు మొదట్లో చిన్న చిన్న ముద్దలుగా వస్తాయి, కొమ్మ చివర పెద్ద కంకిగా రావు. ముళ్ళ తోటకూరకు కణుపు దగ్గర ముల్లు ఉంటుంది, కంకి పచ్చగా ఉంటుంది.

నాలుగోది గోంఫ్రెనా సెలోషియాయిడిస్. పేరులోనే "సెలోషియా లాంటిది" అని ఉంది. ఇది దక్షిణ అమెరికా నుంచి వచ్చి మన రోడ్ల పక్కన, స్టేషన్ల దగ్గర, కాలేజీ గ్రౌండుల్లో పాతుకుపోయింది. నేలకు వాలి పాకుతుంది, ఆకులు జతలుగా నూగుతో ఉంటాయి, తెల్ల పూగుత్తి గుండ్రంగా మొదలై కాస్త సాగుతుంది. నిటారుగా నిలబడి, ఆకులు ఒంటి ఒంటిగా ఉంటేనే గునుగు.

ఇక ఇళ్ళ ముందు పెంచే ఎర్రటి కోడిజుట్టు పువ్వు గునుగుకు పెంపుడు రూపమే. మనుషులు తరతరాలుగా ఏరి ఏరి పెంచితే కంకి వెడల్పై జుట్టులా మారింది. అదే జాతికి చెందిన ఒకదాన్ని కుండీలో పెట్టి నీళ్ళు పోస్తున్నాం, రెండోదాన్ని చేలో పీకి గట్టు మీద పడేస్తున్నాం.

ఇంత ఆలస్యంగా ఎందుకు పూస్తుంది

గునుగు జూన్ వానలకే మొలుస్తుంది. జూలై, ఆగస్టుల్లో ఆకు తప్ప ఏమీ ఉండదు. కలుపు తీసేవాళ్ళ చేతికి అప్పుడే దొరుకుతుంది. వాళ్ళ చేతి నుంచి తప్పించుకున్నది మాత్రమే పువ్వు చూస్తుంది. పగలు తగ్గి రాత్రి పెరిగేకొద్దీ త్వరగా పూతకు వచ్చే మొక్క ఇది. సెప్టెంబరు 22, 23 తేదీల్లో పగలూ రాత్రీ సమానమవుతాయి కదా, ఆ రోజుల చుట్టుపక్కలే గునుగు బాగా కంకి వేస్తుంది. అక్టోబరు, నవంబరు నిండా పూస్తుంది. నేలలో తడి ఉన్నచోట జనవరి దాకా కూడా ఉంటుంది.

బతుకమ్మ పండుగ భాద్రపద అమావాస్యకు, అంటే సరిగ్గా ఈ రోజుల్లోనే ఎందుకు మొదలవుతుందో ఇక్కడ కొంత అర్థమవుతుంది. ఆ తొమ్మిది రోజుల్లో చేను చుట్టూ ఏది పూస్తే అదే తెచ్చి పేర్చారు. గునుగు, తంగేడు అప్పుడు విరగబూసి ఉంటాయి. ఎవరూ విత్తనం నాటలేదు, ఎవరూ నీళ్ళు కట్టలేదు. చంద్రుడి తిథి, మొక్క కొలిచే రాత్రి పొడవు రెండూ కలిసిన చోట ఆ పండుగ ఉంది.

పేరు రాసింది ఎవరు, చెప్పింది ఎవరు

1753లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ తన "స్పీషీస్ ప్లాంటారమ్" పుస్తకంలో ఈ మొక్కకు సెలోషియా అర్జెంషియా అని పేరు పెట్టాడు. మొక్కలకు రెండు మాటల పేర్లు స్థిరపడింది ఆ పుస్తకంతోనే.

మన తీరం మొక్కల్ని పుస్తకాలకు ఎక్కించినవాడు విలియం రాక్స్‌బర్గ్. స్కాట్లాండ్ డాక్టరు, ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. 1776లో మద్రాసు వచ్చాడు, 1781 నుంచి 1793 దాకా ఎక్కువ కాలం సామర్లకోటలో ఉన్నాడు, ఆ తర్వాత కలకత్తా బొటానిక్ గార్డెన్‌కు వెళ్ళాడు. సామర్లకోటలో ఉన్నప్పుడు ఇక్కడి చిత్రకారుల చేత వందల మొక్కల బొమ్మలు గీయించి లండన్‌కు పంపాడు. వాటిల్లోంచి 300 బొమ్మలు ఏరి "ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమండల్" అనే పేరుతో 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా అచ్చేశారు. ఆ పుస్తకంలో చాలా మొక్కలకు తెలుగు పేర్లు కూడా ఇచ్చాడు.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. రాక్స్‌బర్గ్‌కు తెలుగు పేర్లు ఎవరు చెప్పారు? ఏ మొక్క ఏ వాగు పక్కన ఉంటుందో, దేని ఆకు తింటారో, దేని కర్ర తేలిగ్గా ఉంటుందో చూపించింది ఎవరు? పుస్తకం మీద ఆయన పేరు ఉంది. బొమ్మలు గీసిన చిత్రకారుల పేర్లు కూడా లేవు, ఇక మొక్కలు తెచ్చి ఇచ్చినవాళ్ళ పేర్లు ఎక్కడ ఉంటాయి? ఆయన పని చిన్నది అనడంలేదు, మా ప్రాక్టికల్స్‌కు ఇప్పటికీ ఆ పేర్లే ఆధారం. కానీ దీన్ని వేరేగా చేయొచ్చని ఆయన కంటే వందేళ్ళ ముందే మలబారులో రుజువైంది. డచ్చివాళ్ళు 1678 నుంచి 1693 దాకా 12 సంపుటాలుగా వేసిన "హోర్టస్ మలబారికస్"లో ఇట్టి అచ్యుతన్ అనే ఈళవ వైద్యుడి పేరు, ఆయన చెప్పిన సాక్ష్యం అచ్చయ్యాయి. చెప్పినవాడి పేరు రాయాలనుకుంటే చోటు దొరుకుతుందన్నమాట.

తర్వాత హూకర్ బ్రిటిష్ ఇండియా మొక్కల పుస్తకంలో, 1915 నుంచి 1936 దాకా వచ్చిన గాంబుల్ మద్రాసు ప్రెసిడెన్సీ పుస్తకంలో గునుగు చేరింది. పొలాల్లో మామూలుగా కనిపించే మొక్కగా ఒక చిన్న పేరా. శాస్త్రం దృష్టిలో అది అరుదైనది కాదు కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

అసలు దీని పుట్టిల్లు ఎక్కడనే దాని మీద కూడా రెండు మాటలున్నాయి. కొందరు ఆఫ్రికా అంటారు, కొందరు మన దేశం అంటారు. దుక్కి దున్నే మనిషి వెంట నడిచే మొక్కలకు ఈ చిక్కు ఎప్పుడూ ఉంటుంది. గింజ ధాన్యంతో కలిసి ఎక్కడికైనా పోతుంది. కానీ మన భాషలో దానికి సొంత పేర్లున్నాయి, పండుగలో చోటుంది, కూరల్లో చోటుంది. మనకు అది పరాయిది కాదు.

ఆనకట్ట వచ్చాక

గునుగుకు నీళ్ళు నిలిచే నేల పడదు. వేరు మురిగిపోతుంది. ఎండ కావాలి, కదిలిన మట్టి కావాలి, వాన తడి చాలు. అంటే మెట్ట పైరు నేల దానికి ఇల్లు.

1832, 1833 నాటి కరువులో గుంటూరు ప్రాంతం అస్థిపంజరాల గుట్ట అయింది. 5 లక్షల జనాభాలో దాదాపు 2 లక్షల మంది దాకా పోయారని చరిత్ర పుస్తకాల్లో చదువుతున్నాం. ఆ తర్వాత కాలంలోనే కృష్ణకు అడ్డంగా బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టారు. 1852లో మొదలై 1855లో పూర్తయింది. దాని బదులుగా వచ్చిందే 1957 నాటి ప్రకాశం బ్యారేజి. ఆనకట్ట నుంచి కాలువలు సముద్రం దాకా పాకాయి. కింద ఉన్న భూమి మాగాణి అయింది. వరి మళ్ళలో నీళ్ళు నిలబడ్డాయి.

వరి మడిలో గునుగు బతకదు. దాని బదులు ఊద, తుంగ లాంటి నీటి కలుపు వస్తుంది. కాబట్టి బందరు వైపు, గుడివాడ వైపు వెళ్ళేకొద్దీ గునుగు పల్చబడి గట్లకు, రోడ్డు పక్కలకు పరిమితమవుతుంది. కొండపల్లి, మైలవరం, తిరువూరు, నందిగామ వైపు పైకి వచ్చేకొద్దీ పత్తి, కంది, మిరప, మొక్కజొన్న చేలల్లో, మామిడి తోటల సాళ్ళ మధ్య దండిగా దొరుకుతుంది. కాలువ ఎక్కిన చోటికి కలుపు పేరు మారింది, ఎక్కని చోట పాత పేరు అలాగే ఉంది. నాగార్జునసాగర్ నీళ్ళు 1967లో వదిలారు. ఎడమ కాలువ ఈ మెట్టకు కూడా కొంత నీళ్ళు తెచ్చింది. అయినా వాన మీద ఆధారపడ్డ చెలకలు ఇంకా చాలా మిగిలే ఉన్నాయి. మన తండాలు, కాలనీలు ఎక్కువగా ఉన్నదీ ఆ వైపే. ఇది యాదృచ్ఛికం అనుకోవద్దు. నీరందే భూమికి ధర పెరిగింది, ధర లేని నేల దగ్గరే మనవాళ్ళకు చోటు దొరికింది. గునుగు, మనం ఇరుగు పొరుగు అయ్యాం.

రైలు, చట్టం, కలుపు

1889లో నిజాం రైలు బెజవాడ దాకా వచ్చింది. ఆ లైనే ఇప్పుడు కాజీపేట నుంచి కొండపల్లి మీదుగా విజయవాడ పోయేది. అంతకు ముందు ఉప్పు, ధాన్యం ఎడ్ల మీద మోసింది లంబాడాలు. తీరం నుంచి ఉప్పు పైకి, పైనుంచి ధాన్యం కిందికి. వేల ఎడ్లతో నడిచే టాండాలు దారి పక్క బీళ్ళలోనే దిగేవి, అక్కడే మేపుకునేవి. రైలు, రోడ్డు వచ్చి ఆ బరువు ఎత్తుకున్నాక ఎడ్లతో పని లేకుండా పోయింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవులు రిజర్వు అయ్యాయి, మేతకూ కట్టెకూ అనుమతి కావాల్సి వచ్చింది. తిరిగేవాళ్ళు నిలబడాల్సి వచ్చింది, నిలబడ్డానికి భూమి లేదు.

ఇంకో చట్టం సంగతి అందరికీ తెలియాలి. 1871లో ఉత్తరాదిన నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911లో కొత్త చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకలవాళ్ళను, మరికొన్ని సంచార తెగలను పుట్టుకతోనే నేరస్థులని రాసిపెట్టారు. తల్లి కడుపులో ఉన్న బిడ్డ కూడా ఆ లెక్కే. 1913 ప్రాంతంలో స్టూవర్టుపురం సెటిల్‌మెంట్ పెట్టారు. విజయవాడకు కృష్ణ అవతలి ఒడ్డున సీతానగరంలోనూ సెటిల్‌మెంట్ ఉండేది. 1952 ఆగస్టులో ఆ చట్టం రద్దయింది. చట్టం పోయినా మాట మాత్రం జనం నోట్లో చాలాకాలం నిలిచింది. మాలో కొందరి తాతలు ఆ మాట మోసినవాళ్ళే.

ఇప్పుడు "కలుపు" అనే మాట చూడండి. బాటనీలో కలుపు అనే కుటుంబం లేదు, జాతి లేదు. పుస్తకంలో కలుపుకు చెప్పే అర్థం ఒక్కటే: మనిషి వద్దనుకున్న చోట మొలిచిన మొక్క. మొక్కలో ఉన్న గుణం కాదది, భూమి ఉన్నవాడి నిర్ణయం. అదే గునుగు పత్తి చేలో కలుపు, పళ్ళెంలో బతుకమ్మ, కుండీలో కోడిజుట్టు పువ్వు. ఎక్కడ ఉందనే దాన్నిబట్టి పేరు మారింది. ఊరి బయట గుడిసె వేసుకున్నవాడు "అనుమానితుడు", ఊళ్ళో ఇల్లున్నవాడు "కాపు". ఈ రెండు నిర్ణయాల తీరు ఒకటే అని మాకు అనిపించింది. పోలిక ఇక్కడితో ఆపుతాం, మనిషి మొక్క కాదు. మొక్కకు చట్టం వేసిన గాయం తెలియదు.

రైతు వైపు కూడా చెప్పాలి. పైరు మొదటి నెలన్నరలో కలుపు తీయకపోతే దిగుబడి పడిపోతుంది, ఇది నిజం. గునుగు ఒక్కో మొక్కకు వేల గింజలు రాలుస్తుంది, మట్టిలో దాక్కుని మళ్ళీ లేస్తుంది. కౌలు కట్టిన రైతుకు పువ్వు అందం లెక్కలోకి రాదు. ఆ రైతుల్లో మన వాళ్ళూ ఉన్నారు. ఆ కలుపు తీసిందీ ఎక్కువగా మన అమ్మలే. మా ఫీజుల్లో, పుస్తకాల్లో కలుపు కూలి డబ్బులు ఉన్నాయి. ఇప్పుడు కలుపు మందు వచ్చింది. ఒక మనిషి ఒక పూటలో ఎకరాలు కొట్టేస్తాడు. గునుగు పోయింది, కూలి కూడా పోయింది. రెండూ కలిసి పోయాయని మాత్రం ఎవరూ రాయలేదు, అందుకే మేం రాస్తున్నాం.

కూరలో, మందులో, పండుగలో

లేత గునుగు ఆకు కూర వండుకుంటారు. పూత రాకముందు కొసలు తుంచి, పప్పులో వేసినా ఎల్లిపాయ కారంతో వేయించినా బాగుంటుంది. ముదిరితే చేదు, పీచు. కలుపు తీసి ఇంటికొస్తూ ఒళ్ళో వేసుకొచ్చిన ఆకే ఆ పూట కూర అని మా అవ్వలు చెప్తారు. మన దగ్గర ఇది లేనివాళ్ళ కూర అనిపించుకుంది. నైజీరియాలో అదే మొక్కను మడులు వేసి పండించి బజార్లో అమ్ముతారు. యోరుబా భాషలో సోకో అంటారు. చైనా వైద్యంలో దీని గింజల్ని కంటి మందుగా వాడతారు. తూర్పు ఆఫ్రికాలో జొన్న వేళ్ళను పీల్చే స్ట్రైగా అనే పరాన్న మొక్కను తగ్గించడానికి జొన్నలో గునుగును కలిపి వేసి పరీక్షలు చేశారు. గునుగు వేళ్ళ వాసనకు స్ట్రైగా గింజ మొలుస్తుంది, పట్టుకోవడానికి జొన్న వేరు దొరక్క చస్తుంది. కలుపుతోనే ఇంకో కలుపును తీయడం అన్నమాట.

తెలంగాణ రాష్ట్రం వచ్చాక 2014లో బతుకమ్మను రాష్ట్ర పండుగ చేశారు, తంగేడు రాష్ట్ర పుష్పం అయింది. మన రాష్ట్ర పుష్పం మల్లె. గునుగుకు ఎక్కడా ఏ పదవీ రాలేదు. కానీ హైదరాబాదు బజార్లలో పండుగ రోజుల్లో గునుగు కట్టల లెక్కన అమ్ముడవుతుంది. చేలో కూలి ఇచ్చి పీకించే మొక్కను పట్నంలో డబ్బులిచ్చి కొంటున్నారు. తిరువూరు, జగ్గయ్యపేట దాటితే తెలంగాణ. మొక్కకు సరిహద్దు తెలియదు, ఇటు గట్టు మీదా అటు గట్టు మీదా ఒకేలా పూస్తుంది.

కొండపల్లిలో ఎక్కడ చూడాలి, చూసి ఏం అర్థం చేసుకోవాలి

వెళ్ళేవాళ్ళకు చోట్లు చెప్తాం. ఒకటి, మెట్ట చేల గట్లు, కోత అయిన చెలకలు. రెండు, రెండు మూడేళ్ళుగా దున్నని బీళ్ళు. ఇక్కడ మొదటి ఏడు గునుగు గుంపుగా వస్తుంది, తర్వాత గడ్డీ పొదలూ కమ్మేస్తే తగ్గిపోతుంది. మూడు, రైలు కట్ట, రోడ్డు పక్క మట్టి. ఇబ్రహీంపట్నం దగ్గర హైదరాబాదు రోడ్డు, జగదల్‌పూర్ రోడ్డు విడిపోతాయి, ఆ రోడ్ల వెంట ఖాళీ జాగాల్లో చూడండి. నాలుగు, చెరువు కట్టల పై భాగం. నీటి అంచున వెతకొద్దు. ఐదు, కోటకు పోయే దారిలో ఎండ పడే గుల్ల మట్టి. కొండవీటి రెడ్ల కాలం నుంచి ఉన్న ఆ కోట కోసం గజపతులు, బహమనీలు, కృష్ణదేవరాయలు, కుతుబ్‌షాహీలు కొట్లాడారు, 1766లో ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది. ఇంతమంది తవ్వి, కట్టి, కూల్చిన నేల కలుపు మొక్కలకు నచ్చడంలో వింత లేదు.

ఇప్పుడు అసలు మాట. గునుగు కదిలిన మట్టి మొక్క. నాగలి, గునపం, జేసీబీ, పశువుల గిట్టలు, ఏదో ఒకటి మట్టిని తిప్పితేనే దాని గింజ లేస్తుంది. చెట్ల నీడ గట్టిగా ఉన్న అడవి లోపల అది ఉండదు. కాబట్టి కొండపల్లి రిజర్వు అడవిలో నడుస్తుంటే ఒక్కసారిగా గునుగు గుంపు కనిపిస్తే "అబ్బ, ఎంత బాగుందో" అని ఫోటో తీసుకోండి, తప్పులేదు. కానీ ఆ తర్వాత ఒక ప్రశ్న వేసుకోండి: ఇక్కడ మట్టి ఎవరు కదిలించారు? పాత చేనా? మందల దారా? వాగు కోతా? గ్రావెల్ తవ్వారా? ఈ అడవిలో అక్రమ గ్రావెల్ తవ్వకాల గురించి 2020, 2021లో పేపర్లలో వార్తలు వచ్చాయి. కొండపల్లి అడవి దాదాపు 30 వేల ఎకరాలది, ఈ జిల్లాలో మిగిలిన పెద్ద అడవి ఇదే అనొచ్చు. తెల్లపొణికి చెట్టు ఉన్నదీ ఇక్కడే. బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, బొమ్మకు కావాల్సిన కర్ర మాత్రం దొరకడం కష్టమవుతోందని కళాకారులు చెప్తూనే ఉన్నారు. తెల్లపొణికి నిలిచిన నేల ఒక కథ చెప్తుంది, గునుగు లేచిన నేల ఇంకో కథ చెప్తుంది. రెండూ చదవడం నేర్చుకోవాలి.

ఒక జాగ్రత్త. గునుగు మట్టిలోని మాంగనీసు, కాడ్మియం లాంటి లోహాలను బాగా పైకి లాగుతుందని చైనాలో చేసిన పరిశోధనల్లో తేలింది. ఇబ్రహీంపట్నంలో 1979 నుంచి నడుస్తున్న థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది, బూడిద చెరువులున్నాయి, పక్కన ఫ్యాక్టరీలున్నాయి. బూడిద పడే చోట, ఫ్యాక్టరీ కాలువ పక్కన, పెద్ద రోడ్డు అంచున, మందు కొట్టిన చేలో కోసిన ఆకు కూర వండొద్దు. తెలిసిన చేలో, లేత ఆకు మాత్రమే తినండి.

మనం చేయగలిగింది

మా కాలేజీల్లో మొక్క పేరు లాటిన్‌లో తప్పు రాస్తే మార్కులు పోతాయి. తెలుగు పేరు రాయకపోయినా ఎవరూ అడగరు. ఎరుకల మాటలో, లంబాడీ మాటలో, యానాదుల పలుకులో దాన్ని ఏమంటారో రాసే గడి హెర్బేరియం షీటులో అసలే లేదు. మేం ఈసారి ఆ గడి మా అంతట మేమే గీశాం. మొక్క, చోటు, తేదీ, నేల రకం రాసిన తర్వాత ఇంకో రెండు లైన్లు: ఇంటి భాషలో పేరు, ఆ పేరు చెప్పిన మనిషి. ఇట్టి అచ్యుతన్ పేరు 1678లో అచ్చయినప్పుడు మన అవ్వల పేర్లు ఇప్పుడు రాయడానికి అడ్డేముంది?

సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు మీరూ చేయండి. అవ్వను, యాడీని చేను గట్టుకు తీసుకుపోండి. ఒక్క గునుగుతో ఆగకండి, ఆ గట్టు మీద ఉన్న ప్రతి మొక్కకూ పేరు అడగండి. ఏది పశువుకు, ఏది మనిషికి, ఏది దెబ్బకు, ఏది జ్వరానికి, ఏది ముట్టుకోకూడదో అడగండి. వాళ్ళు చెప్పిన మాట చెప్పినట్టే రాయండి, మందు విషయం అయితే డాక్టరును అడగకుండా వాడొద్దు. రాసిన కాగితం మీద తేదీ వేయండి, వాళ్ళ పేరు వేయాలా వద్దా అని వాళ్ళనే అడగండి.

కలుపు తీసే చేతులకు తెలిసినన్ని మొక్కలు మా పాఠ్యపుస్తకంలో లేవు. ఆ చేతులు ముసలివైపోతున్నాయి, చేలల్లో కలుపు మందు పెరుగుతోంది. పేరు చెప్పేవాళ్ళూ, చూపించడానికి మొక్కా రెండూ ఉన్న కాలం ఇదే. దసరాకు ఇంటికి పోతున్నారు కదా, గునుగు అప్పటికి పూసి ఉంటుంది.

జోహార్.